ఇంజన్‌కి ఊపిరి గొట్టం నేనే ఎంచాను

కారు కొనుక్కోవడం అందరూ చేసే పనే. మరి కారు కట్టుకోవడం గురించి విన్నారా? ఇల్లు కట్టుకున్నట్టే, కింది నుంచి పైదాకా! చట్రం, బాడీ, తలుపులు, స్టీరింగు అన్నీ విడివిడిగా పెట్టెల్లో వస్తాయి. ఇంజన్, గేర్‌బాక్సు మనమే వెతికి తెచ్చుకోవాలి. శని, ఆదివారాలు గ్యారేజీలో కూర్చుని ఒక్కో బోల్టే బిగించుకోవాలి. దీన్నే ‘కిట్ కారు’ అంటారు. అమెరికాలో, ఇంగ్లండులో చాలామందికి ఇదో పెద్ద సరదా.

‘‘కారు కొనుక్కుంటారు గానీ కట్టుకుంటారటే?’’ అని తెనాలి నుంచి మా అమ్మ ఫోనులో ఒకటే నవ్వు.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. మావారిది కంప్యూటర్ ఉద్యోగం. నేను ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. ఒక పెద్దాయన సగం కట్టి వదిలేసిన ‘కోబ్రా’ కిట్ కారును నాలుగేళ్ళ క్రితం మావారు బేరమాడి కొన్నారు. వీలు దొరికినప్పుడల్లా కాస్త కాస్త చేస్తూ వచ్చారు. ఇంతలో ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఈ కారులో క్లచ్ చాలా గట్టిది. ‘‘ఇకమీదట అది తొక్కడం మంచిది కాదు’’ అన్నారు డాక్టరుగారు. అమ్మేద్దామా, ఉంచుకుందామా అన్న మాట వచ్చింది. ‘‘ఉంచుదాం. నేను నడుపుతాను’’ అన్నాను.

అన్నానే గానీ, గేర్లున్న కారు నేను నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. వెనకాల పది కార్లుండగా సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే ఏం చేయాలన్న భయం నాలో ఉండనే ఉంది. ఏ సామాను కొన్నా ఆ భయాన్ని దృష్టిలో పెట్టుకునే కొనాలని అప్పుడే అనుకున్నాను.

కోబ్రా పుట్టుకే ఇంజన్ మార్పిడి

కోబ్రా కథ సరదాగా ఉంటుంది. దాన్ని పుట్టించిన కరోల్ షెల్బీ టెక్సాస్ వాడే. 1959లో ఫ్రాన్సులో జరిగిన ల మాన్ 24 గంటల పందెం గెలిచిన ఇద్దరు డ్రైవర్లలో ఒకడు. గుండె జబ్బు వల్ల 1960లో పందేలు మానుకోవలసి వచ్చింది. ఊరికే కూర్చోలేదాయన. ఏసీ అనే ఇంగ్లీషు కంపెనీ వారి తేలికపాటి కారులో 1962లో ఫోర్డ్ వారి 8 సిలిండర్ల ఇంజన్ పెట్టించాడు. అదే కోబ్రా! అప్పట్లో తయారైనవి సుమారు వెయ్యి కార్లే. వాటి ధర ఇప్పుడు మనలాంటి వాళ్ళ ఊహకు కూడా అందదు. అందుకే అదే రూపంలో కిట్లు అమ్మే సంస్థలు వచ్చాయి. మసాచుసెట్స్‌లో 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ వాటిలో పేరున్నది.

మాకు వచ్చిన కారులో ఫోర్డ్ 302 ఇంజన్ ఉంది. అంటే 8 సిలిండర్ల లోపలి జాగా మొత్తం కలిపి 302 ఘనపుటంగుళాలు, దాదాపు 5 లీటర్లు. మన మారుతి 800లో ఒక లీటరు కూడా లేదని గుర్తు తెచ్చుకోండి! అయితే ఈ ఇంజన్‌లో రెండు సిలిండర్లకి కంప్రెషన్ పడిపోయింది. బాగుచేయించే ఖర్చు చూస్తే గుండె గుభేలుమంది. పాత కార్లు విప్పి అమ్మే యార్డులో, 1995 నాటి పికప్ ట్రక్కులోంచి తీసిన 351 ‘విండ్సర్’ ఇంజన్ అంతకంటే తక్కువకే దొరికింది. కెనడాలోని విండ్సర్ ఊళ్ళో ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉంది, ఆ పేరే దీనికి వచ్చింది. ఈ ఇంజన్ 1969 నుంచీ ఉన్నదే. పాత గేర్‌బాక్సు దీనికి చక్కగా సరిపోతుంది. ఫ్లైవీలు, పొగ గొట్టాలు మాత్రం వేరేవి కావాలి. అవన్నీ సమకూర్చుకున్నాక మిగిలిన పెద్ద ప్రశ్న ఒక్కటే: ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఏది పెట్టాలి?

అసలేమిటిది?

పేరు వినగానే బెదిరిపోకండి. అపార్టుమెంటు మీద నీళ్ళ ట్యాంకు ఉంటుంది కదా. దాని నుంచి ఒక్కో ఫ్లాటుకీ ఒక్కో పైపు వెళుతుంది. ఆ పైపుల అమరిక బాగుంటే అందరికీ సమానంగా నీళ్ళొస్తాయి. బాగా లేకపోతే పక్కవాళ్ళ కుళాయి బుసబుసమంటుంది, మనది బొట్టుబొట్టుగా కారుతుంది. ఇంజన్‌లో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ పని కూడా ఇదే. కార్బ్యురేటర్‌లో కలిసిన గాలినీ, పెట్రోలునూ 8 సిలిండర్లకీ పంచిపెట్టే అల్యూమినియం గొట్టాల గుత్తి అది.

ఇక్కడ ఇంకో కిటుకుంది. కొబ్బరి బోండాం సన్నటి స్ట్రాతో తాగి చూడండి. కొంచెం పీల్చినా నీళ్ళు వడిగా వస్తాయి. లావాటి గొట్టంలో ఎక్కువ నీళ్ళు పడతాయి గానీ, కొంచెమే పీలిస్తే మెల్లగా కదులుతాయి. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు పీల్చే గాలి తక్కువ. అప్పుడు గొట్టాలు లావుగా ఉంటే గాలి నీరసంగా కదులుతుంది. దాంతో పాటు తేలుతూ రావలసిన పెట్రోలు గోడలకి అంటుకుపోతుంది. బండి దగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అదే ఇంజన్ బాగా వేగంగా తిరుగుతున్నప్పుడు సన్నటి గొట్టాలు చాలవు, ఊపిరాడదు. ఏ మ్యానిఫోల్డ్ అయినా అన్ని వేగాల్లోనూ మొదటి ర్యాంకు తెచ్చుకోలేదు. మనకి ఏ వేగంలో బలం కావాలో మనమే చెప్పుకోవాలి.

ఇంట్లో రెండున్నా పనికిరాలేదు

‘‘పాత ఇంజన్ మీద ఒకటుంది, ట్రక్కు ఇంజన్‌తో ఒకటొచ్చింది. మూడోది ఎందుకు కొనడం?’’ అని నేనే ముందు అడిగాను. లెక్కలు చూసేదాన్ని కదా మరి!

అమ్మాయి టేపు తెచ్చి చూపించింది. 302 ఇంజన్‌లో క్రాంకు షాఫ్టు మధ్య నుంచి సిలిండర్ల పైఅంచు దాకా 8.2 అంగుళాలు. 351లో 9.5 అంగుళాలు. ఈ ఇంజన్ ‘వీ’ అక్షరంలా ఉంటుంది గనుక ఆ తేడా వల్ల రెండు పక్కలా ఉండే హెడ్లు దూరం జరుగుతాయి. మధ్యలో ఖాళీ దాదాపు 2 అంగుళాలు పెరుగుతుంది. ఎత్తు కూడా ఒక అంగుళం దాకా పెరుగుతుంది. కాబట్టి 302 మ్యానిఫోల్డ్ ఎంత లాగినా 351కి అందదు. చిన్న మూకుడు మీది మూత పెద్ద మూకుడుకి సరిపోతుందా? ఇదీ అంతే.

ట్రక్కుతో వచ్చింది సరిగ్గానే కూర్చుంటుంది. కానీ అది ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది, బాగా ఎత్తుగా ఉంటుంది. ట్రక్కు బానెట్ కింద బోలెడు జాగా. కోబ్రా బానెట్ పల్చగా, కిందికి వంగి ఉంటుంది. అది పెడితే బానెట్ మూత పడదు.

ఒక గదా, రెండు అరలా?

కార్బ్యురేటర్ పెట్టుకునే వాళ్ళకి ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

మొదటిది ‘సింగిల్ ప్లేన్’. కార్బ్యురేటర్ కింద ఒకటే పెద్ద గది. అందులోంచి 8 గొట్టాలు పొట్టిగా, నిటారుగా వెళతాయి. ఎక్కువ వేగంలో దీనికి తిరుగులేదు. ఇంజన్ నిమిషానికి మూడు వేలో, మూడున్నర వేలో చుట్లు దాటాక దీని ప్రతాపం మొదలవుతుంది. పందెం కార్ల వాళ్ళు ఇష్టపడేది ఇదే.

రెండోది ‘డ్యూయల్ ప్లేన్’. గది మధ్యలో గోడ కట్టి రెండు అరలు చేస్తారు. ఒక్కో అరా నాలుగేసి సిలిండర్లకి ఇస్తుంది. గొట్టాలు పొడుగ్గా, కాస్త సన్నగా ఉంటాయి. 8 సిలిండర్లూ ఒకే గదిలోంచి లాక్కుంటే ఒకరి వాటాకి మరొకరు అడ్డం పడతారు. ఇలా విడగొడితే ఒక్కో అరలో లాగుడుకీ లాగుడుకీ మధ్య వ్యవధి సమానంగా ఉంటుంది. మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడా గాలి వడిగా వెళుతుంది. ఇంచుమించు 1500 చుట్ల నుంచి 6000 దాకా హాయిగా పనిచేస్తుంది.

కార్బ్యురేటర్ మానేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టుకోవచ్చు కదా అనవచ్చు మీరు. నిజమే, చలిలో ఒక్క తాళం తిప్పుకే స్టార్టవుతుంది. కానీ కార్బ్యురేటర్‌కి పెట్రోలు 6 పీఎస్‌ఐ ఒత్తిడితో వస్తే చాలు. ఇంజెక్షన్‌కి 40 దాకా, కొన్నిటికి ఇంకా పైన కావాలి. పంపు, పైపులు, వైర్లు అన్నీ మార్చాలి. మా బడ్జెట్‌లో అది లేదు.

నోటు పుస్తకం చెప్పిన మాట

మావారి ఓటు సింగిల్ ప్లేన్‌కే. ‘‘కొనేదేదో గొప్పది కొందాం. ఇరవై, ముప్పై హార్స్‌పవర్ ఎక్కువ రావచ్చునోయ్’’ అన్నారు. ‘‘ఎప్పుడు వస్తుందండీ అది?’’ అన్నాను. ‘‘అయిదు వేల చుట్లు దాటాక.’’ ‘‘మనం అయిదు వేలు ఎప్పుడు దాటుతాం?’’ ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఊరికే వాదించుకునే బదులు చూసి తేల్చుకుందామనుకున్నాం.

మా వీధిలో ఒక రిటైరైన మెకానిక్ ఉన్నారు. ఆయనకూ కోబ్రా కిట్ కారుంది. ఒక ఆదివారం అమ్మాయి నోటు పుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. ఊళ్ళో తిరిగారు, హైవే ఎక్కారు, వచ్చారు. నిమిషానికోసారి చుట్ల మీటరు ఎంత చూపిస్తోందో రాసింది. గంటసేపటి లెక్కలో చాలా భాగం ముల్లు 1500కీ 3500కీ మధ్యనే ఉంది. నాలుగు వేలు దాటింది రెండే రెండుసార్లు, అదీ హైవే ఎక్కేటప్పుడు. అయిదు వేల మొహం చూడనే లేదు.

మరో సంగతి కూడా ఆయనే చెప్పారు. మా ఇంజన్ ట్రక్కుది. దాని క్యామ్‌షాఫ్టు, హెడ్లు బరువులు లాగడానికి తయారైనవి. నాలుగు వేల చుట్ల లోపలే అది తన పూర్తి శక్తి చూపించేస్తుంది. లోపలివేవీ మార్చకుండా పైన పందెం కారు మ్యానిఫోల్డ్ పెడితే, రాని ఇరవై హార్స్‌పవర్ కోసం ఉన్న బలం పోగొట్టుకున్నట్టే. ముక్కు ఎంత పెద్దదైనా ఊపిరితిత్తులు అవే కదా!

నాకు కావలసింది స్పష్టంగా కనిపించింది. సిగ్నల్ దగ్గర నిలకడగా తిరగాలి. క్లచ్ వదిలేటప్పుడు ఆగిపోకూడదు. హైవే ఎక్కేటప్పుడు తొక్కగానే లాగాలి. మూడూ డ్యూయల్ ప్లేన్ పక్షానే ఉన్నాయి. పుస్తకం చూశాక మావారు కూడా ‘‘నడిపేది నువ్వు, నీ ఇష్టమే’’ అన్నారు.

చపాతీ పిండితో కొలత

డ్యూయల్ ప్లేన్‌లో కూడా ఎత్తు తక్కువవీ, ఎక్కువవీ ఉన్నాయి. అడుగున ఖాళీ వదిలి, ఇంజన్ నూనె వేడి తగలకుండా చేసిన రకం ఒకటుంది. టెక్సాస్ ఎండలకి మంచిదే గానీ కాస్త ఎత్తు. ఎత్తు ఎక్కువైతే ఫైబర్ బానెట్ కోయాలి. కోస్తే మళ్ళీ అతకడం, రంగు వేయించడం... వెయ్యి డాలర్లకు తక్కువ కాదన్నాడు పెయింటరు. మ్యానిఫోల్డ్ మూడు వందల పైచిలుకు, దాన్ని పెట్టడానికి వెయ్యి!

కేటలాగుల్లో ప్రతి మ్యానిఫోల్డ్‌కీ రెండు ఎత్తులు ఇస్తారు, ముందు వైపుదీ, వెనుక వైపుదీ. కారులో ఇంజన్ కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది గనుక కార్బ్యురేటర్ సమంగా కూర్చోవడానికి ఈ తేడా. అమ్మాయి ఆ కొలతలకి చెక్కముక్కలు కోసి ఇంజన్ మీద పేర్చింది. పైన మా పాత కార్బ్యురేటర్, దాని మీద ఎయిర్ ఫిల్టరు పెట్టాం. నేను చపాతీ పిండి గట్టిగా కలిపి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఫిల్టరు మీద నాలుగు చోట్ల ముద్దలు పెట్టాను. బానెట్ మెల్లగా మూసి తెరిచాం. నలిగిన ముద్ద మందమే మనకున్న ఖాళీ! అసలు మెకానిక్‌లు బంకమట్టి వాడతారట. మన ఇంట్లో పిండికి కొదవా?

సింగిల్ ప్లేన్ ఎత్తుకి ముద్ద అప్పడమైపోయింది. ఎత్తు ఎక్కువున్న డ్యూయల్ ప్లేన్‌కి పావు అంగుళం మిగిలింది. తక్కువ ఎత్తుదానికి ముప్పావు అంగుళం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంత పెద్ద ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద పక్కకి ఒరుగుతుంది. కనీసం అర అంగుళం ఖాళీ ఉండాలని ముందే అనుకున్నాం. మూడోదే ఖాయం చేశాం. బానెట్ మీద రంపం పెట్టే పని తప్పింది.

‘‘మీవారిని పంపండి’’

కొనడానికి నేనే వెళ్ళాను. విడిభాగాల దుకాణంలో కౌంటరు దగ్గరి కుర్రాడు నన్ను చూసి, ‘‘మీవారికి ఏం కావాలో రాయించుకు రండి మామ్’’ అన్నాడు. ‘‘కావలసింది నాకే. 351 విండ్సర్‌కి, 9.5 అంగుళాల బ్లాకుకి, డ్యూయల్ ప్లేన్, తక్కువ ఎత్తుది’’ అన్నాను. అతను కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. ఆ తరవాత మాట్లాడిందంతా నాతోనే. కోపం తెచ్చుకోనక్కర్లేదు, కొలతలు తెలిసి ఉంటే చాలు.

కార్బ్యురేటర్ కూడా పెద్దది కొనమన్నాడు. దానికీ ఓ లెక్కుంది. ఇంజన్ ఘనపుటంగుళాలను చుట్లతో గుణించి 3456తో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో వస్తుంది. మా ఇంజన్‌ని ఎంత తొక్కినా 5500 చుట్లు దాటదు అనుకుందాం. 351ని 5500తో గుణించి భాగిస్తే 558. మామూలు ఇంజన్ అందులో నూటికి 85 వంతులే పీల్చగలదు. అంటే 475 చాలు. మా పాత కార్బ్యురేటర్ 600ది. ‘‘వద్దు నాయనా’’ అని వచ్చేశాను.

బిగించడంలో ఓపిక

మావారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే అమ్మాయీ నేనూ బిగించాం. అంచులు శుభ్రంగా తుడవాలి, పాత గాస్కెట్ పీలిక కూడా మిగలకూడదు. రెండు పక్కలా కొత్త గాస్కెట్లు, ముందూ వెనకా గోడల మీద సిలికాన్ సీలెంటు పెట్టాలి. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి వెళుతూ, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒక చివర నుంచి బిగించుకుంటూ పోతే రెండో చివర లేస్తుంది. టార్క్ రెంచి మీద 25 అడుగు పౌండ్ల దగ్గర ఆపాం. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ చూశాం.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వాక్యూమ్ గేజీ పెట్టి చూశాం. ముల్లు 18 దగ్గర కదలకుండా నిలబడింది. అది బాగా తక్కువ చూపించినా, ఊగుతూ ఉన్నా ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతూ ఉండవచ్చు. ఇప్పుడు ఈ కారును ఆదివారాలు నేనే నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఇంజన్ గుర్రున నిలకడగా తిరుగుతుంది. క్లచ్ వదిలితే సాఫీగా కదులుతుంది. హైవే మీద పందేలకి నేనెలాగూ వెళ్ళను. అన్నట్టు, బియ్యం బస్తా పెట్టే జాగా మాత్రం ఇందులో లేదండీ!

మీ ఇంటి కారుకి కూడా...

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీ కారులోనూ ఉంది. దాన్ని మీరు మార్చనక్కర్లేదు గానీ ఈ సంగతులు గుర్తుంచుకోండి.

* ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతూ తిరుగుతోందా? బానెట్ కింద ‘హుస్స్’మని శబ్దం వస్తోందా? మ్యానిఫోల్డ్‌కి తగిలించిన రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చు. చిన్న ఖర్చుతో పోయేది, ముందుగా అదే చూడమనండి.

* ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకోండి. మన ఊళ్ళ దుమ్ముకి అది త్వరగా పూడుకుపోతుంది.

* ‘పవర్ పెరుగుతుంది’ అని ఎవరైనా ఏదైనా అంటగట్టబోతే, ‘ఎన్ని చుట్ల దగ్గర?’ అని అడగండి.

* మన దేశంలో సొంతంగా ఇంజన్ మార్పిడికి దిగకండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగండి.

* మీ అమ్మాయికి ఇంజన్ల మీద సరదా ఉంటే కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ జట్టు ఉందేమో కనుక్కోమనండి. మన దేశంలోనూ ఆ పోటీలు జరుగుతాయి. పెట్రోలు కారైతే ఇంజన్‌కి వెళ్ళే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలని అక్కడ నిబంధన. అందుకే మంచి మ్యానిఫోల్డ్ తయారుచేయడం అక్కడ పిల్లలకి పెద్ద పరీక్ష. చేతులకి గ్రీజు అంటుకుంటే ఏం, సబ్బుతో పోతుంది!